మనస్తత్వ శాస్త్ర వాదములు – కాకినాడ పరీక్ష

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని తెలుగు సామెత. మొక్కై వంగనిది మానై వంగునా అని మరియొకటి. మొదటి సామెత పుట్టుకను నమ్మినది. రెండవది బాల్యమును నమ్మినది. తీర్పు మాత్రము రెండింటిదియు ఒక్కటే: పెరిగిన మనిషి మారడు. ఇరువదవ శతాబ్దపు మనస్తత్వ శాస్త్రములోని పెద్ద వాదములు పెక్కు ఏదో యొక విధముగా ఈ తీర్పు చుట్టును తిరిగినవే. ఆ వాదములకు ఒకప్పుడు ఒక తెలుగు పట్టణము పరీక్షాస్థలమైనది. 1964–65 లో కాకినాడ వర్తకులతో జరిగిన ఆ పరీక్ష వాణిజ్య విద్యా గ్రంథములలో ‘కాకినాడ ప్రయోగము’ అను పేరుతో నేటికిని నిలిచియున్నది.

పరీక్షను గూర్చి తెలిసికొనుటకు ముందు వాదులెవరో తెలియవలెను. అందరికంటె ముందు వచ్చినవాడు ఇంగ్లండు దేశస్థుడగు ఫ్రాన్సిస్ గాల్టన్. ప్రతిభావంతులు కొన్ని వంశములలోనే మరల మరల పుట్టుచున్నారని 1869 లో ప్రచురించిన గ్రంథములో ఇతడు లెక్కలు చూపి, ప్రతిభ రక్తములో దిగివచ్చు గుణమని తేల్చెను. లెక్కలలో కన్న, తేల్చుటలోనే తొందర యున్నది. జనగామకు సమీపమున పెంబర్తి అను గ్రామము కలదు. ఇత్తడి, రాగి రేకులను సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చు పనికి అది తరతరములుగా పేరు పొందినది. అచ్చట తండ్రి నేర్పు కొడుకు చేతికి వచ్చినదనుకొందము. అది నెత్తురులో దిగినదా? లేక నడక నేర్చిన నాటి నుండి సుత్తి చప్పుడు నడుమ పెరుగుటచే పట్టుబడినదా? రక్తమును, ఇల్లును ఒకే తండ్రి నుండి వచ్చినప్పుడు ఆ ఇంటిని ఎంత కాలము చూచినను ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. గాల్టన్ కూడ ఈ చిక్కు నెరిగినవాడే. 1875 లో కవలలను పరిశీలించు మార్గము చూపినవాడు ఆయనయే. ఏబది సంవత్సరముల కవలల పరిశోధనలను 2015 లో ఒకచోట చేర్చి చూడగా, మనుషుల నడుమ కనబడు భేదములలో సగటున ఇంచుమించు సగము అనువంశికతకు చెందునని తేలినది.

ఈ ‘సగము’ అను మాటను విద్యార్థులు జాగ్రత్తగా చదువవలెను. అనువంశికమైనది మార్పునకు లొంగదని దాని అర్థము కాదు. ఎత్తు చాలవరకు అనువంశికమే. అయినను రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఆహారము మెరుగుపడగానే జపాను బాలబాలికల సగటు ఎత్తు ఒక తరములోనే స్పష్టముగా పెరిగినది. అన్నదమ్ములలో పొడుగువాడు పొడుగువాడుగనే యుండెను, ఇంటిల్లిపాదియు పొడుగైరి.

రెండవ వాది వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. మనిషి స్వభావపు కట్టడము మొదటి అయిదారు సంవత్సరములలోనే లేచిపోవుననియు, దాని పునాదులు అచేతనములో, అనగా మనిషికే తెలియని మనోభాగములో, ఉండుననియు ఆయన మతము. మొక్కై వంగనిది అను సామెతకు ఇది శాస్త్రరూపము. మన దేశములో ఈ మతము త్వరగనే కాలూనినది. 1922 లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను.

మూడవ పక్షము అమెరికాలో పుట్టిన ప్రవర్తనావాదము. కంటికి కనబడని మనస్సును విడిచి కనబడు ప్రవర్తనను మాత్రమే కొలువవలెనని 1913 లో జాన్ వాట్సన్ ప్రకటించెను. ఆరోగ్యముగల పసిబిడ్డలను పండ్రెండుగురిని తన చేతికిచ్చినచో ఎవరిని కోరిన వృత్తివానిగా వారిని తయారు చేయుదునని తరువాత ఒక గ్రంథములో ఆయన సవాలు చేసెను. అందులో కొంత అతిశయోక్తి కలదని ఆయనయే ఒప్పుకొన్నాడు గాని, ఆ ఒప్పుకోలును ఉదాహరించువారు అరుదు. ఆయన తరువాతివాడగు బి. ఎఫ్. స్కిన్నర్ పసిబిడ్డలతో ఆగలేదు. ఏ వయస్సుననైనను, చేసిన పనికి కలుగు ఫలితమును మార్చినచో పనియు మారుననెను. మంచి ఫలితము కలిగిన పని మరల చేయబడును. దీనికే పునర్బలనమని పేరు.

నాలుగవది మానవతావాదము. కార్ల్ రోజర్స్, అబ్రహాం మాస్లో మొదలగువారు మనిషి వెనుకనుండి నెట్టబడువాడే కాదు, ముందు ఒక గమ్యము నిలుపుకొని నడచువాడు కూడ అనిరి. తన్ను ఆదరముతో అర్థము చేసికొను మనుషుల నడుమ అతడు తనంతట మారగలడని వారి నమ్మకము.

పాఠ్యపుస్తకములలో ఈ మతములను గీతలు గీచి పట్టికగా వేయుదురు. పట్టికలో కనబడని సంగతి యొకటి కలదు: ప్రశ్న మారినప్పుడెల్ల జట్లు మారును. పెద్దవాడు మారునా అని అడిగినచో గాల్టన్, ఫ్రాయిడ్ ఒకవైపునకు ఒరుగుదురు; స్కిన్నర్, రోజర్స్ మరియొకవైపు నిలుతురు. మనస్సు లోపల చూడవలెనా అనినచో ఫ్రాయిడ్, రోజర్స్ చూడవలెననగా స్కిన్నర్ వలదనును. మనిషికి స్వేచ్ఛా సంకల్పము కలదా అని అడిగినచో, ఒండొరులను మెచ్చని ఫ్రాయిడ్ పక్షమును స్కిన్నర్ పక్షమును కలిసి లేదని చెప్పును, రోజర్స్ కలదనును. కావున ఏ యొక్క ప్రయోగమును ఒక మతమును పూర్తిగా గెలిపించి మరియొకదానిని పూర్తిగా ఓడించుట కష్టము. కాకినాడలో జరిగినదియు అదే.

ఆ ప్రయోగమునకు కర్త హార్వర్డు విశ్వవిద్యాలయములో మనస్తత్వ శాస్త్రాచార్యుడుగా నుండిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ (1917–1998). ఆయన పద్ధతిలో విరోధులగు రెండు సంప్రదాయములు కలిసినవి. మనిషి కోరికలు అతడల్లు ఊహలలో బయటపడునని ఫ్రాయిడ్ నుండి గ్రహించెను. ఏదైనను కొలిచి చూడవలెనను పట్టుదల ప్రయోగశాల నుండి వచ్చినది. 1948 లో ఆయనయు, జాన్ అట్కిన్సన్‌యు ప్రచురించిన పరిశోధన దీనికి చక్కని ఉదాహరణము. జలాంతర్గాముల స్థావరమున ఉన్న నావికులలో కొందరు తిని 1 గంట, కొందరు 4 గంటలు, కొందరు 16 గంటలు అయిన పిమ్మట వారికి బొమ్మలు చూపి కథలు చెప్పించిరి. ఆకలి హెచ్చినకొలది కథలలో ఆహారము లేకపోవుట, దానిని సంపాదించుట అను విషయములు హెచ్చెను. ఆకలిని కథ కొలువగలిగినప్పుడు కడుపునకు సంబంధింపని కోరికలను మాత్రము ఏల కొలువరాదు?

ఆయన ఎన్నుకొన్న కోరికకు ‘సాధనా ప్రేరణ’ అని పేరు. డబ్బు కొరకు గాని, మెప్పు కొరకు గాని కాక, పనిని నిన్నటికంటె నేడు మెరుగుగా చేయవలెనను తపన ఇది. పుస్తకము ముందు కూర్చుండి ఎటో చూచుచున్న బాలుని బొమ్మను చూపితిమనుకొందము. పల్లెలోని తల్లి గుర్తునకు వచ్చి దిగులుపడుచున్నాడని ఒకడు వ్రాయును. నీరు తోడు యంత్రమును చేయబోయి ఒకసారి విఫలుడై, లోపమెచ్చటనో వెదకుచున్నాడని మరియొకడు వ్రాయును. రెండవ కథలో లక్ష్యము, ప్రయత్నము, ఆటంకము, దానిని దాటు ఉపాయము కలవు. వీటికి లెక్క ప్రకారము మార్కులు వేయుదురు.

ఈ ప్రేరణ కలవారు సాహసికులని సాధారణాభిప్రాయము. మెక్‌క్లెలాండ్ పక్షమువారు రింగులు విసరు ఆటతో దానిని సవరించిరి. నేలపై ఒక మేకు పాతి, ఎంత దూరము నుండియైనను రింగు విసరవచ్చునని చెప్పిరి. ప్రేరణ తక్కువగా నున్నవారిలో కొందరు మేకు పక్కనే నిలిచిరి. కొందరు చాల దూరము పోయి అదృష్టమునకు వదలిరి. ప్రేరణ హెచ్చుగా నున్నవారు మధ్య దూరమునే కోరుకొనిరి. అట్కిన్సన్ 1957 లో దీనికి ఒక సూత్రము చెప్పెను. గెలుపు ఎంత సంభవమో అది ఒక సంఖ్య. గెలుపు ఎంత తీపియో అది మరియొక సంఖ్య. సులభమైన గెలుపు తీపి కాదు గనుక, సంభావ్యత 0.9 అయినచో తీపి 0.1, రెంటి లబ్ధము 0.09. చాల కష్టమైన పనిలో సంభావ్యత 0.1, తీపి 0.9, లబ్ధము మరల 0.09. సగము సగముగా నున్నచో 0.5 ను 0.5 తో గుణింపగా 0.25. ఆకర్షణ అచ్చటనే అధికము. లెక్కల ఉపాధ్యాయులు దీనిని తరగతిలో గ్రాఫు గీయించి చూపవచ్చును.

ఈ ప్రేరణ ఎచ్చట పుట్టును? మొదట మెక్‌క్లెలాండ్ బృందము చెప్పిన జవాబు ఫ్రాయిడ్‌కు దగ్గరగనే యుండెను. మేరియన్ వింటర్‌బాటమ్ అను పరిశోధకురాలు 8 మొదలు 10 ఏండ్ల వయస్సుగల 29 మంది బాలురను, వారి తల్లులను పరిశీలించెను. ఎవరి పని వారే చేసికొనవలెనని చిన్ననాడే ఆశించిన తల్లుల కొడుకులలో ఈ ప్రేరణ హెచ్చుగా కనబడెను. అనగా ఊయల దగ్గరనే ఫలితము తేలిపోవుచున్నదన్నమాట. 1961 లో వెలువడిన గ్రంథములో మెక్‌క్లెలాండ్ దీనిని దేశములకును వర్తింపజేసి, ఒక జాతి పిల్లల కథలలో ఈ ప్రేరణ ఎంత యుండునో తరువాత ఆ జాతి ఆర్థికాభివృద్ధి అంత యుండునని వాదించెను. ప్రొటెస్టంటు మతధర్మమునకును పెట్టుబడిదారీ విధానపు పెరుగుదలకును మాక్స్ వేబర్ చూపిన సంబంధము దీనికి వెనుక నున్నది.

ఈ వాదము ప్రకారము పేదదేశము ఏమి చేయవలెను? తల్లుల పెంపకము మార్చి, ఇరువది ఏండ్లు కాచుకొనియుండవలెను. ఇది ఒప్పుకొనదగిన సలహా కాదు. మెక్‌క్లెలాండ్‌కును అది రుచింపలేదు. 1965 లో వ్రాసిన వ్యాసములో ఆయన తన ఆశకు రెండు ఆధారములు చూపెను. ఒకటి, ప్రవర్తనను ఏ వయస్సులోనైనను మలచవచ్చునని చూపుచున్న స్కిన్నర్ శిష్యుల ప్రయోగశాల. రెండవది, పెద్దవారి జీవితములనే మార్చివేయుచున్న మతప్రచారకుల ఉత్సాహము. ప్రయోగశాలను, ప్రార్థనామందిరమును ఒకే వాక్యములో నిలుపగల ధైర్యము శాస్త్రజ్ఞులలో తరచుగా కనబడదు.

పరీక్షకు ఆంధ్రప్రదేశ్ తగిన చోటుగా దొరకినది. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962 లో ఢిల్లీ నుండి హైదరాబాదునకు వచ్చియుండెను. కాకినాడ అప్పటికి సుమారు లక్ష జనాభాగల రేవు పట్టణము. అప్పటి అదే జిల్లాలో గోదావరి ఒడ్డున ఇంచుమించు అంతే జనముతో రాజమండ్రి యుండెను. కాకినాడ వర్తకులకు శిక్షణ యిచ్చి, రాజమండ్రి వర్తకులకు ఈయక, రెండు చోట్ల ఏమి జరుగునో చూచుట పథకము. శిక్షణ పొందినవారు ప్రయోగ సమూహము, పొందనివారు నియంత్రిత సమూహము. తమిళదేశములోని వేలూరు నుండియు కొందరిని చేర్చిరి.

వర్తకులు దుకాణములను విడిచి హైదరాబాదు సంస్థలో పదిదినములకు పైగా బస చేసిరి. అచ్చట ఖాతాలు వ్రాయుట, పన్నులు కట్టుట నేర్పలేదు. తమ కథలు తామే వ్రాసి, మార్కులు వేయుట తామే నేర్చిరి. రింగులాట ఆడి, తామెంత దూరమున నిలుచుచున్నారో తామే చూచుకొనిరి. కుటుంబము, ఆచారము, దేశపు విలువలు – వీటితో ఈ కొత్త ఆలోచన ఎచ్చట ఘర్షణ పడునో చర్చించిరి. చివరకు రాబోవు రెండు సంవత్సరములకు తమ లక్ష్యములను కొలువదగిన అంకెలలో వ్రాసికొనిరి. ఇందులో కథలు మనోవిశ్లేషణ వారివి. ఆటలో వెంటనే తెలియు ఫలితము ప్రవర్తనావాదులది. చర్చలోని ఆదరము రోజర్స్‌ది. నాలుగు ఇండ్ల నుండి తెచ్చిన కూరలతో ఒక విస్తరి వడ్డించిరి. ఆకలి తీరినదనిన, ఏ కూర వలన తీరినదో చెప్పుట కష్టము.

ఆకలి తీరినదా? 1969 లో మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి ప్రచురించిన గ్రంథములో జవాబు కలదు. శిక్షణ పొందిన 76 మందిని, పొందని 73 మందిని పోల్చిరి. శిక్షణకు ముందు రెండేండ్లలో వ్యాపారమున చురుకుగా పనిచేసినవారు మొదటి సమూహములో వందకు 18 మంది. తరువాత రెండేండ్లలో 51 మంది. నియంత్రిత సమూహములో 22 నుండి 25 మాత్రమే అయినది. కొత్త వ్యాపారము ప్రారంభించినవారు మొదటి సమూహములో వందకు 4 నుండి 22 కు పెరుగగా, రెండవదానిలో 7 నుండి 8 అయినది. మనుషుల లెక్కలో చెప్పవలెననిన అచ్చట ముగ్గురు సుమారు పదునేడుగురైరి. ఇచ్చట అయిదుగురు ఆరుగురైరి.

పెరిగిన మనిషి మారడను తీర్పునకు ఇది గట్టి దెబ్బ. మరియొక తీర్పునకును దెబ్బ తగిలినది. హిందూ సంప్రదాయము, కులము, ఉమ్మడి కుటుంబము వ్యాపార చైతన్యమునకు అడ్డుగోడలని వేబర్ కాలము నుండియు పాశ్చాత్య గ్రంథములలో వాడుక. పాత ఆచారములను పట్టుకొనియున్న వర్తకుడు ఆధునికుడైన వర్తకునికంటె తక్కువగా మారినట్లు కాకినాడలో కనబడలేదు.

అయినను ప్రయోగమునకు లోపములు లేకపోలేదు. ముఖ్యమైనది కొలబద్దకు చెందినది. మార్కులు వేయు విధానమును శిక్షణలోనే నేర్పిరి గనుక, తరువాత వర్తకులు వ్రాసిన కథలలో ప్రేరణ పెరిగినట్లు కనబడుటలో ఆశ్చర్యము లేదు. ప్రశ్నపత్రమును ముందుగనే చూచిన విద్యార్థి మార్కుల వంటివవి. అందుచేతనే కథలను ప్రక్కకు పెట్టి వ్యాపారమునే కొలువవలసి వచ్చినది. కాని వ్యాపారము పెరిగినంత మాత్రమున లోపల ప్రేరణయే పెరిగినదని రుజువు కాదు. తనపై నమ్మకము పెరిగి యుండవచ్చును. తోటి వర్తకులతో స్నేహము కలిసి అప్పు పుట్టుట తేలికైయుండవచ్చును. పరిశోధకులు మరల వచ్చి అడుగుదురను జ్ఞాపకమే పని చేయించియుండవచ్చును. అదియునుగాక, పని మానుకొని సుమారు 500 కిలోమీటర్లు ప్రయాణము చేయుటకు ఒప్పుకొన్నవారు మొదటినుండియు కొంత భిన్నులు కావచ్చును.

గ్రంథములోని మరియొక ఫలితము వీటన్నింటికంటె ఆలోచింపదగినది. ఎక్కువగా మారినవారు తమ వ్యాపారమునకు తామే అధికారులైనవారు. తండ్రి పెత్తనము క్రిందనో, యజమాని క్రిందనో నున్నవారిలో మార్పు తక్కువ. శిక్షణ అందరికిని ఒక్కటే. దానిని ఆచరణలో పెట్టు అవకాశము ఒక్కటి కాదు. 2016 లో వరంగల్ ప్రాంతమున ఏర్పడిన మూడు జిల్లాలనే తీసికొని చూడవచ్చును. భూపాలపల్లి బొగ్గుగనిలో నెలజీతము మీద పనిచేయువాడు ఎంత బొగ్గు తీయవలెనో తాను నిర్ణయింపడు. మహబూబాబాదు మిరప రైతు ఏ విత్తనము వేయవలెనో నిర్ణయించును గాని, ధరను నిర్ణయింపలేడు. జనగామ జిల్లా పెంబర్తి పనివాడు తన సరుకు తానే అమ్ముకొనుచున్నచో కాకినాడ వర్తకుని వంటివాడు. మధ్యవర్తి చెప్పిన నమూనాలు మాత్రమే కొట్టుచున్నచో కాడు. ఈ ముగ్గురిలో ఎవడైన ముందుకు పోలేదని ‘వానికి పట్టుదల లేదు’ అనువారు లోపలి కారణమును చూచి వెలుపలి కారణమును మరచినవారు. మెక్‌క్లెలాండ్‌పై విమర్శకులు చేసిన ఆక్షేపణ ఇదియే: పేదరికమును పేదవాని మనస్సులో వెదకుట అన్యాయము. ఆక్షేపణ బలమైనదే. దానికి ఆధారము కూడ ఆయన పట్టికలోనే దొరకుచున్నది.

హైదరాబాదు సంస్థలోనే ఆ కాలమున పనిచేసిన ఉదయ్ పారీక్ మరియొక దారిలో ఆలోచించెను. తాను గెలువవలెనను కోరిక ఒక్కటే సమాజమును నడుపజాలదనియు, పరులకు తోడ్పడవలెనను ‘విస్తరణ ప్రేరణ’ కూడ కావలెననియు, ఇతరులపై ఆధారపడు స్వభావము ఈ రెంటిని క్రిందికి లాగుననియు 1968 లో ప్రచురించిన వ్యాసములో వాదించెను. ఆయన సూత్రము ప్రకారము మొదటి రెంటిని గుణించి, మూడవదానిని తీసివేయగా వచ్చునదే అభివృద్ధి. కూడికకు బదులు గుణకారము పెట్టుటలోనే ఆయన అభిప్రాయమున్నది: రెంటిలో ఏదైన సున్న అయినచో లబ్ధమును సున్నయే. ఈ సూత్రము మెక్‌క్లెలాండ్ గ్రంథమంత ప్రసిద్ధి పొందలేదు. పొందదగినదే.

కాకినాడలో మిగిలిపోయిన సందేహములను తీర్చుటకు సుమారు అర్ధశతాబ్దము పట్టినది. పశ్చిమాఫ్రికాలోని టోగో దేశ రాజధాని లోమేలో 1,500 మంది చిరువ్యాపారులను చీటీలు వేసినట్లు యాదృచ్ఛికముగా మూడు సమూహములుగా విడదీసిరి. ఒక సమూహమునకు ఖాతాలు, అమ్మకములు మొదలగు మామూలు వ్యాపార శిక్షణ. రెండవదానికి జర్మను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మైఖేల్ ఫ్రెసే రూపొందించిన శిక్షణ: తానే ముందడుగు వేయుట, ఆటంకములను ముందే ఊహించుట, లక్ష్యము నిలుపుకొనుట. మూడవదానికి ఏమియు లేదు. ఎవరు ఏ సమూహములో చేరవలెనో వారి ఉత్సాహము నిర్ణయింపలేదు గనుక కాకినాడ ఆక్షేపణలలో ఒకటి దీనికి తగులదు. 2017 లో ‘సైన్స్’ పత్రికలో ఫలితములు వెలువడినవి. ఏ శిక్షణయు లేనివారితో పోల్చగా, ఫ్రెసే శిక్షణ పొందినవారి లాభములు వందకు 30 వంతులు పెరిగెను. ఖాతాల శిక్షణ పొందినవారి పెరుగుదల 11 వంతులు. అది కాకతాళీయము కాదని గణితము చెప్పజాలకపోయినది. ఫ్రెసే శిక్షణతో లాభపడినవారిలో స్త్రీలును కలరు. మామూలు శిక్షణ వారికి చేసిన మేలు స్వల్పము.